బెల్లం కుండకు పరీక్ష

మా బడి కొత్త ల్యాబుకి నేను అడిగిన సామానులో ప్రిన్సిపాల్‌గారు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నది బీరువా తాళం ఒక్కటే. మిగతా ప్రతిదానికీ ఆరాలు తీశారు. కోనికల్ ఫ్లాస్కులు అన్నెందుకు? రెండు బెజ్జాల రబ్బరు కార్కులు ఏం చేసుకుంటారు? గాజు గొట్టాలు వంకరగా ఎందుకుండాలి? ఈస్ట్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "బెన్, ఇదంతా కలిపితే చివరికి ఏమవుతుంది?" అని అడిగారు. ఈ ఊళ్ళో టీచర్ని బెన్ అంటారు, అంటే అక్కా అని. ఆయన నాకంటే వయసులో చాలా పెద్ద, అయినా ఆయనకీ నేను అక్కనే.

"ద్రాక్షరసం పులుస్తుంది సర్. పన్నెండో క్లాసు పిల్లలు చేసే ప్రాజెక్టుల్లో అదొకటి," అన్నాను.

"పులిస్తే?"

"వైన్ అవుతుంది."

ఆయన లేచి వెళ్ళి గది తలుపు మూసి వచ్చారు.

మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. పెళ్ళయి తూర్పుగోదావరి నుంచి సూరత్‌లోని ఈ ఉధ్నాకి వచ్చినదాన్ని, ఇక్కడి బడిలోనే కెమిస్ట్రీ చెబుతూ చెబుతూ నా జుట్టు నెరిసిపోయింది. గుజరాత్‌లో మందు నిషేధమని సూరత్‌లో దిగిన కొత్తలోనే ఎవరో చెప్పారు. మా ఇంట్లో తాగేవాళ్ళు లేరు కాబట్టి ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. ఇన్నేళ్ళ తర్వాత తెలిసిందేమిటంటే, ఇక్కడ తాగేవాళ్ళు లేకపోలేదు, తాగుడు గురించి పైకి మాట్లాడేవాళ్ళే లేరు. చాటుగా పోట్లీలు అమ్ముతారు. పోట్లీ అంటే నాటుసారా పోసి ముడేసిన చిన్న ప్లాస్టిక్ సంచి. అది ఎక్కడ దొరుకుతుందో మగ్గాల దగ్గర పనిచేసే ప్రతి మగాడికీ తెలుసు, ఎవర్నడిగినా మాకు తెలియదంటారు.

ప్రిన్సిపాల్‌గారు మంచివారే, కాకపోతే భయస్తులు. వైన్ అన్న మాట బోర్డు మీద గాని, పిల్లల రికార్డుల్లో గాని ఎక్కడా కనపడకూడదన్నారు. సీసాలు బీరువాలో, బీరువా తాళం నా కొంగుకు. ప్రయోగం అయిపోగానే ప్రతి సీసాలోనూ ఫినాయిల్ పోసి, ఆ తర్వాతే సింకులో పారబోయాలి. ఫినాయిల్ ఎందుకో నాకు బోధపడలేదు. "ఎవరైనా తాగేస్తారని, బెన్," అన్నారు.

"కుళ్ళిన పళ్ళ కంపు కొడుతుంది సర్. దాన్నెవరు తాగుతారు?"

"మీకు మగవాళ్ళ సంగతి తెలీదు," అన్నారాయన. నాకు నవ్వొచ్చింది.

ఆ గదిలో అంతకు ముందు విరిగిన బెంచీలు పడేసేవాళ్ళు. సున్నం కొట్టించి, కొళాయి పెట్టించి, నల్లరాతి బల్లలు వేయించాక దాని రూపే మారిపోయింది. ఊళ్ళోకి వెళ్ళి గాజు సామాను దుకాణంలో గంటలకు గంటలు కూర్చుని ఒక్కో ఫ్లాస్కూ వెలుతురుకి పెట్టి చూసి ఏరుకున్నాను. పెళ్ళిచీరలు కూడా అంత ఓపిగ్గా ఏరుకోలేదని మా ఆయన దెప్పారు. డిస్టిలేషన్ చెయ్యడానికి కండెన్సర్, రసంలో చక్కెర ఎంత తగ్గిందో చూడటానికి హైడ్రోమీటర్, థర్మామీటర్లు, సున్నపుతేటకి పొడవాటి జాడీలు, అన్నీ వచ్చాయి. ఈస్ట్ మాత్రం మా వీధి బేకరీవాడు పొట్లం కట్టి ఇచ్చాడు. వంచిన గాజు గొట్టం ఒక కొస ఫ్లాస్కులో, రెండో కొస సున్నపుతేటలో ముంచితే, లోపల రసం పులుస్తున్నకొద్దీ బుడగలు వస్తాయి, సున్నపుతేట పాలలా తెల్లబడుతుంది. పుస్తకంలో రెండు లైన్లలో ఉన్న ముక్క అది. మా పిల్లలు ఏనాడూ కళ్ళతో చూడలేదు. చూపిద్దామనే నా తాపత్రయమంతా.

నాసిక్ ద్రాక్ష అప్పుడప్పుడే మార్కెట్లోకి దిగుతోంది, ఇంకా పులుపు వదల్లేదు. పిల్లలే చేతులు కడుక్కుని పిసికారు, వడగట్టారు, ఈస్ట్ కలిపారు. మర్నాడు బుడగలు మొదలయ్యేసరికి గది గదంతా గోల. ఒకడు ఫోనులో వీడియో తీయబోతే ఫోను లాక్కున్నాను. "మేడమ్, పార్టీ కబ్ హై?" అన్నాడు ఇంకొకడు. "నీ మార్కులు వచ్చిన రోజున," అన్నాను. అందరూ నవ్వారు.

ఒక్క పిల్ల నవ్వలేదు. అందరికీ వెనక, కిటికీ పక్కన నిలబడి ఫ్లాస్కు వైపు చూస్తోంది. ఆ పిల్ల మా తెలుగు పిల్లే. వాళ్ళది సిరిసిల్ల వైపు. తండ్రి ఉధ్నాలో మరమగ్గాల మీద పనిచేసేవాడు, అంతకు ముందు దసరా రోజుల్లోనే చనిపోయాడు. జబ్బు చేసి పోయాడని విన్నాను, అంతకు మించి అడగలేదు. తల్లి ఇంట్లోనే కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తుంది. పిల్ల క్లాసులో హిందీ, స్నేహితులతో గుజరాతీ, నాతో ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళింటి తెలుగు.

క్లాసయ్యాక అందరూ వెళ్ళిపోయినా తను ఉండిపోయింది. ఫ్లాస్కు దగ్గరికి వచ్చి వాసన చూసి, చటుక్కున వెనక్కి జరిగింది.

"మేడమ్, ఇది ఎన్నొద్దులకు విషమైతది?"

"విషం ఎందుకవుతుంది? ఎక్కువ రోజులు వదిలేస్తే పులిసి పులిసి సిర్కా, అదే వెనిగర్, అవుతుంది. ఉల్లిపాయలు ఊరేసుకోవచ్చు."

"గట్ల కాదు మేడమ్. తాగిన మనిషి సచ్చిపొయ్యేటట్టు ఎన్నడైతది?"

అవదని చెప్పి పంపేశాను. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. నాకసలే ఓపిక తక్కువ. "చెప్పింది చెవికెక్కదా? నిన్న తెలుగులో చెప్పాను, ఇవాళ గుజరాతీలో చెప్పాలా?" అని కసిరాను. ఆ పిల్ల ఏడవలేదు, నొచ్చుకోనూ లేదు. స్టూలు లాక్కుని కూర్చుని, గాజు గొట్టం ఒకటి తీసి గుడ్డతో తుడవటం మొదలుపెట్టింది. తుడుస్తూనే చెప్పింది.

"మా ఇంట్ల గూడ గిట్లనే వాసనొచ్చింది మేడమ్. మా అమ్మ కుండల పెట్టింది. గదే తాగి మా బాపు సచ్చిపొయిండు."

వాళ్ళ వైపు పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యనాడు, పోయిన పెద్దలకు వండి పెడతారు. వాళ్ళు బతికుండగా ఏవి ఇష్టంగా తిన్నారో అవే పెట్టాలి. ఆ పిల్ల బాపమ్మకి, అంటే తండ్రి తల్లికి, కల్లంటే ప్రాణం. ఆమెకి విస్తరి వేశాక, దాని ముందు కల్లు సాక పోయాలి, అంటే నేల మీద ధారగా వదలాలి. సాక పొయ్యకపోతే పెద్దలు అలిగి విస్తరి ముట్టరని వాళ్ళ నమ్మకం. సొంతూళ్ళో అయితే పొద్దున్నే చెట్టు దింపిన కల్లు ఇంటికొస్తుంది. సూరత్‌లో ఎక్కడిది? వాళ్ళ గల్లీలో కొందరు కొబ్బరినీళ్ళు పోస్తారట. కొందరు కూల్‌డ్రింక్ పోసి, ఈ ఊళ్ళో ఇదే దొరికింది, దీంతో సర్దుకోమని దణ్ణం పెట్టుకుంటారట. ఆ పిల్ల తండ్రికి అది నచ్చలేదు. "మా అవ్వకు షర్బత్ పోస్తనా?" అన్నాడట, అవ్వ అంటే తన తల్లే. అందుకని ఆ ఇల్లాలు ఏటా పెత్రమాసకి ముందు కొత్తకుండ తెచ్చి, బార్డోలీ బెల్లం నీళ్ళల్లో కరగబెట్టి, గుప్పెడు ఎండుద్రాక్ష వేసి, మూతికి గుడ్డ కట్టి పొయ్యి పక్కన పెట్టేది. అది పొంగి, పులిసి, కల్లుకు దగ్గరగా తయారయ్యేది. సాక పోశాక మిగిలింది కొడుకు తాగాలి, ఇంకెవ్వరూ ముట్టకూడదు.

"బాపుకు గా ఒక్కరోజే," అంది ఆ పిల్ల. "ముందుగాల రోజూ పోట్లీ తాగేటోడు. బాపమ్మ పొయ్యేటప్పుడు, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఇంక ముట్టనని ఒట్టు పెట్టిండు. గప్పట్నుంచి ముట్టలే. పెత్రమాస నాడు అమ్మ చేసిందే తాగేటోడు."

పోయిన పెత్రమాసకీ అలాగే సాక పోశాడు, మిగిలింది తాగాడు, అన్నం తిని సాయంత్రం డ్యూటీకి వెళ్ళిపోయాడు. అర్ధరాత్రి వచ్చి పడుకుని, తెల్లవారి లేచి, కళ్ళ ముందు అంతా తెల్లగా ఉంది, ఏమీ కనపడటం లేదన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఏం తాగాడని డాక్టరు గద్దించాడు. కుండ సంగతి చెబితే పోలీసులు వస్తారని తల్లి నోరు విప్పలేదు. ఆ రోజు దాటలేదు ఆ మనిషి. ఇంటికి రాగానే ఆమె కుండ పగలగొట్టి, పెంకులు తీసుకెళ్ళి వాళ్ళ గల్లీ వెనక ఖాడీలో, అంటే మురికివాగులో, పారేసి వచ్చింది.

"నేనే సంపిన అన్నది మేడమ్. ఒక్కసారే అన్నది, మల్ల అనలే. ఇప్పుడు ఏం మాట్లాడది. అన్నం పెడితే రెండు ముద్దలు తింటది. చీరలు ఒళ్ళె ఏసుకొని, కత్తెర పట్టుకొని గట్లనే కూసుంటది. పొద్దుమీకినంక ఖాడీ దిక్కు పోయి నిలబడతది. నేను ఎంబడి పోవాలె, తోల్కరావాలె. రేపు నేను కాలేజీకి పోతే ఎవరు తోల్కొస్తరు?"

ఆ పిల్ల పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. కళ్ళ ముందు తెల్లగా కమ్మేయటమన్నది మిథనాల్ తాగితే జరుగుతుంది. అది ఫ్యాక్టరీల్లో వాడే సారా. ఎక్కువ నిషా రావాలని దుర్మార్గులు దాన్ని పోట్లీల్లో కలుపుతారు. బెల్లం నీళ్ళు పులిస్తే మనిషి చచ్చేంత మిథనాల్ రాదు, రావడానికి వీల్లేదు. మీ అమ్మ కుండలో విషం లేదు.

"మీరు చెప్తే నేను నమ్ముత. అమ్మ నమ్మది. ఆమె కండ్లతోని చూడాలె మేడమ్. గందుకే అడుగుతున్న. మనకు ఇక్కడ అన్నీ ఉన్నయి కదా."

చేయగలను. మా కొత్త కండెన్సరుతో కుండలోని సరుకు డిస్టిల్ చేసి, కొన్ని రసాయన మందులు కలిపితే, మిథనాల్ ఉంటే ఊదారంగు వస్తుంది, లేకపోతే రాదు. కానీ నాకు ఇంకో ఆలోచన వచ్చింది. దాన్ని ఆ పిల్లకి చెప్పకుండా ఉండటం న్యాయం కాదనిపించింది.

"చూడమ్మా, కుండలో లేదని తేలితే, మీ నాన్న ఆ రాత్రి బయట పోట్లీ తాగాడని తేలినట్టే. ఒట్టు తప్పాడని తేలినట్టే. అది నీకు ఫరవాలేదా?"

ఆ పిల్ల చాలాసేపు గాజు గొట్టం తుడుస్తూనే ఉంది. "పోయినాయన పోయిండు మేడమ్," అంది చివరికి. "ఉన్నామె బత్కాలె కదా."

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ముందు మొత్తం వినకుండా, "బడిలో సారా బట్టీ పెడతావా? నిన్ను జైల్లో వేస్తే నాకు కాఫీ ఎవరిస్తారు?" అని మొదలుపెట్టారు. పూర్తిగా విన్నాక కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, ఏమేం కావాలో అడిగారు. రంగు తెప్పించే మందు మా బడిలో లేదు. కామ్‌రేజ్ దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతున్న నా పాత శిష్యురాలు ఇస్తానంది. మా ఆయనే స్కూటరు మీద వెళ్ళి ఆ మందూ, పోల్చి చూడటానికి చిన్న సీసాలో కాస్త మిథనాలూ పట్టుకొచ్చారు. దారిలో పోలీసు కనపడ్డప్పుడల్లా హెల్మెట్ సర్దుకున్నారట పాపం.

ప్రిన్సిపాల్‌గారి దగ్గర దాపరికం నాకు ఇష్టం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ కుండ బయటికి పోదుగా?"

"పోదు సర్. ఫినాయిల్ నేనే పోస్తాను."

"అయితే చెయ్యండి," అన్నారు. కాసేపాగి, "నేను ఆ పక్కకి రాను. ఆవిడకి సిగ్గుగా ఉంటుంది," అన్నారు. ఆయన మీద నాకున్న విసుగు చాలావరకు ఆ మాటతో పోయింది.

తల్లిని పిల్లే తీసుకొచ్చింది. సన్నగా, వంగిపోయిన మనిషి. చీరకంతా రంగురంగుల దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. ల్యాబు గుమ్మం బయటే చెప్పులు విడిచింది. నేను ముందే కడిగి పెట్టిన పెద్ద ఫ్లాస్కు చూపిస్తే తల అడ్డంగా ఊపింది.

"దీంట్ల గాదు టీచరమ్మా. కుండల చేస్తెనే అది."

మర్నాడు కుండతో వచ్చింది. బెల్లం ఉండలు కొంగున కట్టుకొచ్చింది. ఆ బెల్లం అదే దుకాణందా, నీళ్ళెన్ని, ఎండుద్రాక్ష ఎంత అని నేను కొలతలు అడుగుతుంటే, అన్నిటికీ చేత్తోనే చూపించింది. ఆయన పోయాక బెల్లం ముట్టుకోవటం అదే మొదలట. పిల్ల సాయానికి రాబోతే పక్కకి తోసేసింది. అంతా కలిపి మూతికి గుడ్డ కట్టాక, కుండ మీద చెయ్యి పెట్టి, "అత్తా, నీకు కాదు ఇది. కోపం చెయ్యకు," అంది. అది అత్తగారితో చెప్పింది. నేను ఎటో చూస్తూ నిలబడ్డాను.

పగలు పిల్లల ద్రాక్ష ఫ్లాస్కులు ఒక బల్ల మీద, ఆ కుండ ఇంకో బల్ల మీద, సాయంత్రం అన్నీ బీరువాలోకి. ఆమె రోజూ పని ఆపుకుని వచ్చేది. స్టూలు మీద కూర్చుని కుండ పక్కకి అరచెయ్యి ఆనించి, వెచ్చగా ఉందా లేదా చూసేది. పులిసేటప్పుడు కుండ కాస్త వేడెక్కుతుంది, నేను థర్మామీటరుతో చూసేది ఆమె చేత్తో చూసేది. మిగతా పిల్లలు ఎవరీవిడ అని గుసగుసలాడితే, నా చుట్టమని చెప్పి నోళ్ళు మూయించాను. ఒకరోజు ఆమె తనంతట తనే మాట్లాడింది. "లోపల గుయ్యిమంటుంది, ఇనుండ్రి," అని నన్ను చెవి ఆనించమంది. ఆనించాను. నిజమే, సన్నగా రొదలా వినిపించింది. ఇన్నాళ్ళూ గాజుసీసాలే తప్ప కుండ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. పిల్ల నావైపు చూసి కొంచెం నవ్వింది. అమ్మ మాట్లాడుతోందని దాని సంతోషం. ఆ నాలుగు రోజులూ ఆమె ఖాడీ వైపు వెళ్ళలేదట. బతికాంరా దేవుడా అనుకున్నాను.

పరీక్ష శనివారం పెట్టాను, బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు కాబట్టి. కుండలోంచి కొంత ఫ్లాస్కులోకి వడగట్టి, కింద మంట పెట్టాను. కండెన్సరు చివర్నించి మొదటి చుక్కలు పడుతుంటే పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. తల్లి చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. కోర్టులో తీర్పు వినటానికి వచ్చినట్టు ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది.

ఏం చేస్తున్నానో ఆమెకు అర్థమయ్యేలా ఒక్కొక్కటే చెబుతూ చేశాను. "ఇది నిజం విషం. కామ్‌రేజ్ నుంచి తెప్పించాను. ముందు దీనికి చూద్దాం." టెస్ట్ ట్యూబులో మందులు ఒకదాని తర్వాత ఒకటి కలిపాను. కాసేపటికి ట్యూబు నేరేడుపండు రసంలా ఊదాగా అయిపోయింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇప్పుడు మీ కుండది."

అవే మందులు, అంతే కొలత. నేను గడియారం చూశాను. ఊదారంగు ఎంతసేపట్లో వచ్చిందో అంతసేపూ చూశాం, దానికి రెట్టింపు చూశాం. రాలేదు. ట్యూబు ఎలా ఉందో అలాగే ఉంది. నేను తెల్లకాగితం వెనక పెట్టి చూపించాను. ఎక్కడా ఊదా జాడ లేదు.

"అమ్మా, చూసినవా? లేదు. నీ కుండల ఏం లేదు," అని పిల్ల వెళ్ళి తల్లిని వాటేసుకుంది. ఆ పిల్ల ఏడవటం నేను అప్పుడే చూశాను. ఇన్ని నెలలూ దాచుకున్న ఏడుపంతా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్ళు నిండాయి. హమ్మయ్య, ఒక మంచిపనికి పనికొచ్చింది ఈ ల్యాబు అనుకున్నాను.

తల్లి మాత్రం పిల్ల భుజం మీదనుంచి ట్యూబు వైపే చూస్తోంది. పిల్లని మెల్లగా విడిపించుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"రంగు రాకపోతే ఏందన్నట్టు టీచరమ్మా?"

"మీ కుండలో విషం లేదన్నట్టు. మీ తప్పేమీ లేదన్నట్టు."

"మరి ఆయనకు ఏడికెల్లి వచ్చింది?"

నేను పిల్ల వైపు చూశాను. చెప్పాల్సింది తనేనని దానికీ తెలుసు. ముఖం తుడుచుకుంది. "బయట తాగిండమ్మా. డ్యూటీకి పోయినప్పుడు. పోట్లీల కలిపి ఉంటరు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. బయట మగ్గాల చప్పుడు ఎప్పటిలాగే వినిపిస్తోంది.

"నాకు తెలువదా బిడ్డా," అంది చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. "బయట తాగితే గట్ల సస్తరని నాకు తెలువదా? గల్లీల ఎంతమందిని చూడలే. మీ బాపు తాగలేదనుకున్న. తన తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టిండు, గా మాట తప్పడనుకున్న. నా చేతిది తాగి పొయిండు, నేనే సంపిన, గాని ఒట్టు మీద ఉండి పొయిండు. గదొక్కటి పట్టుకొని పొద్దుగాల లేస్తున్న. నా మీద వేసుకుంటె ఏమైతది, నేను మోస్త. ఇప్పుడు ఆయన మీద వడ్డది."

ఏ పుస్తకంలో ఏ పేజీ వెతికితే దొరుకుతుంది ఆమెకు చెప్పాల్సిన మాట? "మీరు బతకాలని కదమ్మా…" అని ఏదో అనబోయాను, అది నా చెవికే తేలిగ్గా వినిపించి ఆపేశాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. స్టూలు బల్లకి దగ్గరగా జరుపుకుంది. కండెన్సరు కింద గిన్నెలో ఇంకా కొంత మిగిలి ఉంది, దాన్ని రెండు చేతులతో ఎత్తి నాకిచ్చింది.

"జర ఇంకోపాలి చూడుండ్రి టీచరమ్మా. రంగొస్తదేమో."

చూడనవసరం లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ సంగతి ఆమెకీ తెలుసని ఆమె కళ్ళు చూస్తే తెలుస్తోంది. అయినా కాదనలేకపోయాను. ఇంకో ట్యూబు కడిగి, ఆరబెట్టి, మందులన్నీ మొదట్నుంచీ మళ్ళీ కలిపాను. కలిపి స్టాండులో పెట్టాను. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. రంగు రాకూడదని కూతురు చూస్తోంది. రావాలని తల్లి చూస్తోంది.